ల్యాప్‌టాప్, ఫోన్ ఉన్నాక టాబ్లెట్ దేనికి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. మీ దగ్గర 14 అంగుళాల ల్యాప్‌టాప్, 6.5 అంగుళాల ఫోన్ ఉన్నాయి. రెండూ బాగానే పనిచేస్తున్నాయి. ఉద్యోగం చేసుకుంటూ ఒక వృత్తి పరీక్షకు చదువుతున్నారు. ఈ రెండింటికి తోడుగా టాబ్లెట్ కొంటే నిజంగా ఉపయోగపడుతుందా, లేక ముచ్చట తీరాక అటకెక్కుతుందా అన్నది మీ మొదటి సందేహం. కొనేటట్లయితే దానికి కీబోర్డు కూడా జతచేసుకుని ల్యాప్‌టాప్‌ను మోసుకెళ్లే బాధ తప్పించుకోవచ్చా అన్నది రెండోది. మీ పరిస్థితిలో మొదటిదానికి నా సమాధానం కొనండి అని, రెండోదానికి వద్దు అని. రెండు జవాబులూ ఒకే కారణం నుంచి పుట్టాయి కనుక ఆ కారణాన్నే కొంచెం వివరంగా రాస్తాను.

అచ్చుకు వెళ్లే పుస్తకాల ప్రూఫులు దిద్దడం నా వృత్తి. 2013 నుంచి ఇప్పటిదాకా నాలుగు టాబ్లెట్లు కొన్నాను. మొదటి రెండూ దండగ ఖర్చే అయ్యాయి. మూడోదాన్ని బ్యాటరీ పూర్తిగా చేతులెత్తేసేదాకా ఐదేళ్లకు పైగా వాడాను. నాలుగోది ఇప్పుడు నా బల్లమీద ప్రూఫు తెరిచి ఉంది. ఈ సమాధానాన్ని మాత్రం దాని పక్కనున్న ల్యాప్‌టాప్‌లో టైపు చేస్తున్నాను. మొదటి రెండింటికీ తర్వాతి రెండింటికీ ఉన్న తేడా వాటి ధరలోనో వేగంలోనో లేదు. మొదటిసారి నేను టాబ్లెట్‌ను పెద్ద ఫోన్ అనుకుని కొన్నాను, రెండోసారి చిన్న ల్యాప్‌టాప్ అనుకుని కొన్నాను. అది కాగితానికి బదులుగా వాడుకోవలసిన వస్తువని మూడోసారికి గాని నాకు తెలిసిరాలేదు.

ఆ ఊహ కొత్తదేమీ కాదు. 1972లో అలన్ కే అనే కంప్యూటర్ శాస్త్రవేత్త జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ ‘డైనాబుక్’ అనే పరికరాన్ని ఒక వ్యాసంలో ఊహించి వర్ణించాడు; నోటుపుస్తకమంత ఉండి, పిల్లలు గడ్డిమీద కూర్చుని వాడుకోగలిగే కంప్యూటర్ అది. 2002లో మైక్రోసాఫ్ట్ ‘టాబ్లెట్ పీసీ’ పేరుతో తెరమీద కలంతో రాయగల కంప్యూటర్లను ముందుకు తెచ్చింది గాని, అవి బరువైనవి, పైగా మౌస్ కోసం తయారైన విండోస్‌నే కలం మొనతో నడపవలసి వచ్చేది. 2010 జనవరి 27న యాపిల్ సంస్థ అధినేత స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ను చూపించినప్పుడు, ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ మధ్య మూడో రకం పరికరానికి చోటుందా అని ప్రశ్న వేసి, కొన్ని ముఖ్యమైన పనుల్లో ఆ రెండింటినీ మించితేనే దానికి మనుగడ ఉంటుందని తానే షరతు పెట్టాడు. ఆ పనులుగా ఆయన చెప్పినవి వెబ్ చూడటం, ఈమెయిల్, ఫొటోలు, వీడియోలు, సంగీతం, ఆటలు, ఈ-పుస్తకాలు.

ఆ షరతును నేడు మళ్లీ వర్తింపజేస్తే ఆ జాబితాలో ఎక్కువ భాగం నిలవదు. ఆనాటి ఐఫోన్ తెర 3.5 అంగుళాలు, దానిమీద వెబ్ పేజీ చదవడం కిటికీ సందులోంచి వీధిని చూడటంలా ఉండేది. 2011లో శామ్‌సంగ్ 5.3 అంగుళాల గెలాక్సీ నోట్‌ను తెచ్చినప్పుడు అది చెవికి ఆనించుకోవడానికి మరీ పెద్దదని చాలామంది నవ్వారు. ఇప్పుడు అంతకంటే పెద్దవే మామూలు ఫోన్లు. 2012లో వచ్చిన నెక్సస్ 7 వంటి ఏడంగుళాల టాబ్లెట్లు చేసిన పనులన్నిటినీ ఫోన్లు మింగేశాయి. పాటలు, ఫొటోలు, ఉత్తరప్రత్యుత్తరాలు, వార్తలు ఫోన్‌లోనే సాగిపోతున్నప్పుడు వాటికోసం ఇంకో పరికరం కొనడంలో అర్థం లేదు. ఫోన్ ఎంత పెరిగినా మింగలేనివి రెండు మిగిలాయి. ఒకటి, పూర్తి పేజీని పేజీగా చదవడం. రెండోది జాబ్స్ జాబితాలో అసలు లేని పని, కలంతో రాయడం. 2007లో మొదటి ఐఫోన్‌ను ఆవిష్కరిస్తూ స్టైలస్ ఎవరికి కావాలని ఎగతాళి చేసిన మనిషి ఆయన. అదే యాపిల్ 2015లో ఐప్యాడ్ ప్రోతోపాటు ‘పెన్సిల్’ పేరుతో కలాన్ని అమ్మకానికి పెట్టింది. నా దృష్టిలో టాబ్లెట్ పనికొచ్చే వస్తువుగా మారింది అప్పటినుంచే.

ముందు పేజీ లెక్క చూద్దాం, ఎందుకంటే ఇందులో చాలామంది ఊహించని ఫలితం ఒకటుంది. మీ పాఠ్యసామగ్రి చాలావరకు ఏ4 పేజీల పీడీఎఫ్‌లుగా ఉంటుందనుకుంటున్నాను. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, ఎత్తు 297 మిల్లీమీటర్లు. మీ ఫోన్ తెర వెడల్పు సుమారు 68 మిల్లీమీటర్లు. పేజీ మొత్తం అందులో పట్టాలంటే మూడో వంతుకు కుంచించుకుపోవాలి. 12 పాయింట్ల అక్షరం (అచ్చులో అక్షరం పరిమాణాన్ని పాయింట్లలో కొలుస్తారు) 4 పాయింట్లలోపుకు పడిపోతుంది. 14 అంగుళాల ల్యాప్‌టాప్ తెర వెడల్పు, ఎత్తులు 16:10 నిష్పత్తిలో ఉంటే దాని ఎత్తు 188 మిల్లీమీటర్లు. అందులో పూర్తి పేజీ కనిపించాలంటే 63 శాతానికి తగ్గించాలి, అంటే అదే అక్షరం ఏడున్నర పాయింట్లవుతుంది. పైన మెనూలు, కింద టాస్క్‌బార్ ఆక్రమించే చోటు పోగా ఇంకా చిన్నదవుతుంది. 4:3 నిష్పత్తి తెర ఉన్న 11 అంగుళాల టాబ్లెట్‌ను నిలువుగా పట్టుకుంటే ఆ పేజీ మొత్తం 75 శాతం పరిమాణంలో కనిపిస్తుంది, అక్షరం 9 పాయింట్లుంటుంది. తెర మూడంగుళాలు చిన్నదైనా పేజీ పెద్దదిగా కనిపిస్తుందన్నమాట. పైగా టాబ్లెట్‌ను మనం ల్యాప్‌టాప్ కంటే కంటికి దగ్గరగా పట్టుకుంటాం.

ల్యాప్‌టాప్‌లో పేజీని వెడల్పుకు సరిపడా పెంచుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. పెంచుకోవచ్చు, అప్పుడు అక్షరం 17 పాయింట్ల దాకా పెరిగి చక్కగా కనిపిస్తుంది గాని, పేజీలో సగం కూడా తెరమీద ఉండదు. పేజీ పైభాగంలో ఉన్న వివరణ కింది భాగంలోని పట్టికనో పటాన్నో ప్రస్తావించిన ప్రతిసారీ కిందికి జరిపి, మళ్లీ పైకి వచ్చి, ఎక్కడ ఆపామో వెతుక్కోవాలి. ఒక పేజీకి ఇది పెద్ద ఇబ్బంది కాదు. నలభై పేజీలయ్యేసరికి చదువుతున్న విషయం కంటే ఈ జరపడమే అలసట తెస్తుంది. నవలలకూ వ్యాసాలకూ ఈ సమస్య లేదు, ఎందుకంటే ఈ-పుస్తకం పాఠం తెరకు తగినట్లు తనంతట తానే సర్దుకుంటుంది. అందుకే కథలూ నవలలూ చదువుకోవడానికి మాత్రమే టాబ్లెట్ కావాలనే వారికి నేను వద్దనే చెబుతాను. కిండిల్ వంటి ఈ-ఇంక్ రీడర్ ఎండలో కూడా కాగితంలా కనిపిస్తుంది, వారాల తరబడి ఛార్జింగ్ అడగదు, చేతికి తేలిక. కానీ వాటి తెరలు ఎక్కువగా ఆరేడు అంగుళాలవే కాబట్టి ఏ4 పేజీ విషయంలో అవీ ఫోన్ బాపతే.

నా పనిలోంచి ఒక ఉదాహరణ చెబితే ఈ పాయింట్ల లెక్క కళ్లకు కడుతుంది. తెలుగు ప్రూఫుల్లో అన్నిటికంటే ఎక్కువగా దొర్లే తప్పుల్లో ఒకటి ‘అర్థం’ ఉండవలసిన చోట ‘అర్ధం’ రావడం. ఒకటి భావం, ఇంకొకటి సగం. అచ్చులో ఆ రెండింటికీ తేడా ఒక్క చుక్క. అది కూడా రేఫ కింద ఉన్న వత్తు కడుపులో ఇమిడిపోయిన చుక్క. ఫోన్‌లో పేజీ మొత్తం పెట్టుకుని చూస్తే అది కనిపించదు, పెద్దది చేసుకుంటే వాక్యం తెగిపోయి అక్కడ రావలసింది భావమో సగమో తెలియదు. ల్యాప్‌టాప్‌లో కళ్లు చికిలించి ముందుకు వంగవలసి వస్తుంది. టాబ్లెట్‌లో చుక్కా కనిపిస్తుంది, వాక్యమూ ఎదుట ఉంటుంది. మీ పాఠ్యపుస్తకాల్లో ఘాతాంకాలు, అధస్సూచికలు, పట్టికల కింద చిన్న అక్షరాల వివరణలు ఉంటే వాటికీ ఇదే వర్తిస్తుంది.

ఇక కలం సంగతి. మామూలు తెరలు వేలి స్పర్శను గుర్తించేవే కాబట్టి రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్‌తో కూడా వాటిమీద గీయవచ్చు, కానీ దానితో రాయడమంటే వేలికి బదులు పుల్లతో రాయడమే. అరచేయి తెరకు తగిలితే చాలు, గీతలు పడతాయి. రాయడానికి పనికొచ్చేది యాక్టివ్ పెన్. అది తెరకు దగ్గరగా వచ్చిందని టాబ్లెట్ పసిగట్టగలదు కనుక అరచేయి ఆన్చినా పట్టించుకోదు. ఎంత ఒత్తి రాస్తున్నామో గ్రహించి గీత మందాన్ని మార్చగలదు. శామ్‌సంగ్ ఎస్ పెన్ రాయడానికి బ్యాటరీయే అక్కర్లేదు, తెర కింది పొర పుట్టించే అయస్కాంత క్షేత్రం నుంచే దానికి శక్తి అందుతుంది. యాపిల్ పెన్సిల్‌ను ఛార్జ్ చేసుకోవాలి. కొనేటప్పుడు జాగ్రత్త పడవలసింది ఏమిటంటే, ఏ పెన్సిల్ ఏ ఐప్యాడ్‌తో పనిచేస్తుందన్నది ఒక చిక్కుముడి. పాతది కొత్తదానికి పనికిరాకపోవచ్చు, కొత్తది పాతదానికి పనికిరాకపోవచ్చు. 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్‌కు ఒత్తిడిని గ్రహించే గుణం లేదు. బొమ్మలు వేసేవారికి అది పెద్ద లోటు; లెక్కలు చేసుకోవడానికి, పీడీఎఫ్ మీద గుర్తులు పెట్టుకోవడానికి ఆ గుణం ఉన్నా లేకపోయినా ఒకటే.

గాజుమీద రాయడం మొదట్లో జారుడుబల్ల మీద నడిచినట్లుంటుంది. నా చేతిరాత మొదటి రెండు వారాలు నాకే అర్థం కాలేదు. కాగితపు గరుకుదనం కోసం తెరమీద మ్యాట్ ఫిల్మ్ అంటించుకునేవారున్నారు; నేనూ ఒకసారి అంటించాను. రాత బాగుపడింది గాని, పెన్ను మొన త్వరగా అరిగింది, తెల్లటి పేజీమీద సన్నని ఇసుక చల్లినట్లు మెరుపులు కనిపించి చదువు చెడింది. చదవడమే ప్రధానమైతే ఫిల్మ్ జోలికి వెళ్లవద్దు, చెయ్యే అలవాటు పడుతుంది. కలం విలువ అందంగా రాయడంలో లేదు, చదువుతున్న చోటే రాయగలగడంలో ఉంది. పేజీ అంచున సందేహం రాసుకుంటారు, సూత్రం పక్కన దాని ఉత్పాదనను రెండు వరుసల్లో చేసుకుంటారు, చోటు చాలకపోతే ఆ రెండు పేజీల మధ్య ఖాళీ పేజీ ఒకటి చేర్చుకుంటారు. ఈ పని ల్యాప్‌టాప్‌లో మౌస్‌తో చేయడం సాధ్యమే, చేయబుద్ధి కాదు. ఇప్పుడు మీరు ఇవే పేజీలను ప్రింటు తీసుకుని గుర్తులు పెట్టుకుంటున్నట్లయితే, ఆ కాగితాల దొంతర మీకు టాబ్లెట్ అవసరమన్న దానికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం.

ఒక చిన్న హెచ్చరిక కూడా ఇక్కడే చేయాలి. పెన్నుతో పెట్టిన గుర్తులు పీడీఎఫ్‌లోనే నిలుస్తున్నాయా, లేక ఆ యాప్ సొంత ఫైలులో దాగి ఉంటున్నాయా అన్నది మొదటి రోజే పరీక్షించుకోండి. రెండు పేజీల మీద గుర్తులు పెట్టి, ఆ ఫైలును మీకు మీరే పంపుకుని, ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడండి. ఒకసారి 180 పేజీల ప్రూఫు దిద్ది పంపితే, అవతలివారికి ఒక్క గుర్తూ లేని శుభ్రమైన పేజీలు చేరాయి. తప్పు లేని ప్రూఫు అనుకుని వాళ్లు అచ్చుకు సిద్ధమయ్యేలోపే ఫోన్ చేసి అడిగారు కాబట్టి బతికిపోయాను.

కీబోర్డు విషయానికి వస్తే, నా రెండో టాబ్లెట్ కథే మీకు సమాధానం. 2016లో ఒక పది అంగుళాల టాబ్లెట్‌ను కీబోర్డు కవరుతో సహా కొన్నాను, ప్రయాణాల్లో ల్యాప్‌టాప్ మోయనక్కర్లేదన్న ఆశతో. మొదటి ప్రయాణంలోనే ఒక పుస్తకం పదసూచికను అకారాదిగా సర్ది పంపవలసి వచ్చింది. తెరమీద ఒక పక్క పీడీఎఫ్, ఇంకో పక్క స్ప్రెడ్‌షీటు పెట్టేసరికి రెండూ అరచేతి వెడల్పుకు కుంచించుకుపోయాయి. గడిలో కర్సర్ పెట్టడానికి చేయెత్తి తెరను తాకాలి, మళ్లీ కీబోర్డు మీదికి రావాలి. చివరికి పెద్ద ఫైలును ఎక్కించడం మొదలుపెట్టి ఇంకో యాప్‌లోకి వెళితే ఎక్కించడం ఆగిపోయింది. తిరిగి వచ్చి, అది పూర్తయ్యేవరకు తెరను కదపకుండా కూర్చోవలసి వచ్చింది. ల్యాప్‌టాప్ చేసే పని సరిగా చేయలేదు, కీబోర్డు తగిలించుకున్నందువల్ల టాబ్లెట్ సుఖమూ దక్కలేదు. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే.

అప్పటినుంచి పరిస్థితి మెరుగుపడిన మాట నిజం. 2019లో ఐప్యాడ్‌కు ప్రత్యేకంగా ఐప్యాడ్‌ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది, 2020 మార్చిలో ట్రాక్‌ప్యాడ్‌నూ మౌస్‌నూ పూర్తిగా గుర్తించడం మొదలైంది, 2025లో యాప్‌ల విండోలను ఇష్టం వచ్చిన పరిమాణంలో అమర్చుకునే వెసులుబాటు కలిగింది. ఆండ్రాయిడ్‌లో కూడా 2022లో పెద్ద తెరల కోసం 12ఎల్ అనే రూపం వచ్చింది. అయినా బరువు లెక్క మారలేదు. 11 అంగుళాల టాబ్లెట్ సుమారు 450 నుంచి 500 గ్రాములు. ట్రాక్‌ప్యాడ్ ఉన్న మంచి కీబోర్డు కవరు కూడా దాదాపు అంతే, కొన్ని అంతకంటే ఎక్కువే. రెండూ కలిస్తే కిలోకు అటూ ఇటూ అవుతుంది, అక్కడికి పలుచని ల్యాప్‌టాప్ బరువుకు చేరువయ్యాం. టాబ్లెట్, పెన్ను, కీబోర్డు మూడింటి ధర కలిపినా ఇంచుమించు ల్యాప్‌టాప్ ధరే అవుతుంది. ల్యాప్‌టాప్ లేనివారు ఆ మూడింటినీ కొనడం గురించి ఆలోచించవచ్చు. మంచి ల్యాప్‌టాప్ ఉన్న మీరు ఆ డబ్బుతో కొనేది ఇప్పటికే ఉన్నదాని నాసిరకం నకలును. (ఐప్యాడ్‌కు సొంత క్యాలిక్యులేటర్ రావడానికి 2024 దాకా పట్టిందన్న సంగతి ఈ సందర్భంలో గుర్తుచేసుకోకుండా ఉండలేను.) పొడవైన ఉత్తరం ఎప్పుడైనా టాబ్లెట్‌లో టైపు చేయవలసి వస్తే, ఇంట్లో ఉన్న ఏ బ్లూటూత్ కీబోర్డునైనా దానికి కలుపుకోవచ్చు.

తెర వెనక్కి మడిచి టాబ్లెట్‌లా వాడుకోగల ల్యాప్‌టాప్‌ల గురించి కూడా కొందరు చెబుతారు. మీ ల్యాప్‌టాప్ మార్చే సమయం దగ్గరపడితే అది పరిశీలించదగ్గదే, కానీ కిలోకు పైగా బరువున్న పలకను చేత్తో పట్టుకుని అరగంట చదవలేరు. బల్లమీద పరిచి రాయడానికే అది బాగుంటుంది. పుస్తకంలా తెరుచుకునే మడత ఫోన్లు విప్పితే చాలావరకు ఏడెనిమిది అంగుళాలవుతాయి. అవి పాత ఏడంగుళాల టాబ్లెట్లకు సమానం, పూర్తి పేజీకి చాలవు.

వీడియోల గురించి ఎక్కువ రాయను. టాబ్లెట్‌లో వీడియో చూడటం హాయిగానే ఉంటుంది, కానీ కొనడానికి అదొక్కటే కారణమైతే ల్యాప్‌టాప్ తెర దానికంటే పెద్దదని గుర్తుంచుకోండి. చవక టాబ్లెట్ కొనేవారు ఒక్క విషయం చూసుకోవాలి: వైడ్‌వైన్ ఎల్1 అనే భద్రతా స్థాయి లేని పరికరాల్లో, తెర ఎంత స్పష్టమైనదైనా, సినిమాల సేవలు చాలావరకు తక్కువ నాణ్యత చిత్రాన్నే పంపుతాయి. ఇంట్లో నలుగురూ వాడుకునే ఉద్దేశముంటే, ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో ఎక్కువ వాటిలో ఒక్కొక్కరికి వేరు ఖాతా పెట్టుకోవచ్చు. ఐప్యాడ్‌లో ఇంటి వాడకానికి ఆ సౌకర్యం లేదు, అందరూ ఒకే ఖాతాలో ఉండాలి.

ఇప్పుడు అటకెక్కడం గురించి. మీ భయం నిరాధారం కాదు. నా మొదటి టాబ్లెట్ సరిగ్గా అలాగే పోయింది. ఏడంగుళాలది, తక్కువ ధరకు వచ్చింది, కొన్న ఏడాదికే తయారీదారు అప్‌డేట్లు ఆపేశాడు. మొదటి నెల రోజూ చేతిలో ఉండేది. తర్వాత ఫోన్ మార్చాను, దాని తెర కొంచెం పెద్దది, టాబ్లెట్ సొరుగులోకి వెళ్లింది. రెండు నెలలకు తీస్తే ఛార్జింగ్ లేదు. ఛార్జ్ పెట్టి, అరగంట ఆగి, తెరిస్తే యాప్‌లన్నీ పాస్‌వర్డులు అడిగాయి. విసుగొచ్చి మళ్లీ సొరుగులో పెట్టాను. టాబ్లెట్లు పాడైపోవడం వల్ల మూలన పడవు. అవసరమైన క్షణంలో సిద్ధంగా లేకపోవడం వల్ల పడతాయి. ఫోన్ ఎప్పుడూ జేబులో ఉంటుంది, ల్యాప్‌టాప్‌కు ఉద్యోగం ఉంది, టాబ్లెట్‌కు రెండూ లేవు. దానికొక స్థానం మనమే ఇవ్వాలి. నా మూడో టాబ్లెట్ ఐదేళ్లు నిలవడానికి కారణం, చదువుకునే కుర్చీ పక్కన దానికో స్టాండు, ఆ స్టాండు దగ్గరే ఛార్జర్ తీగ ఉండటం. ఎక్కువ రోజులు వాడనని తెలిస్తే సగం ఛార్జింగ్‌తో ఆపివేసి పెట్టండి; పూర్తిగా ఖాళీ చేసి నెలల తరబడి వదిలేస్తే లిథియం-అయాన్ బ్యాటరీ కోలుకోకపోవచ్చు.

దీనితో ముడిపడిన ఇంకో సలహా ఉంది, కొంతమందికి నచ్చదు. టాబ్లెట్‌లో సందేశాల యాప్‌లు పెట్టుకోవద్దు. ఐప్యాడ్‌కు వాట్సాప్ 2025లో గాని రాలేదు, అందరూ అన్నేళ్లూ దాన్నొక లోపంగా చెప్పుకున్నారు. నాకు మాత్రం అది వరంలా ఉండేది. టాబ్లెట్ చేతిలోకి తీసుకుంటే చదువు తప్ప మరొకటి కనిపించకపోవడం వల్లనే ఆ పరికరానికీ ఆ పనికీ మనసులో ముడిపడుతుంది. అన్ని యాప్‌లూ చేరిన రోజు అది పెద్ద ఫోన్ అవుతుంది, పెద్ద ఫోన్ ఎవరికీ అక్కర్లేదు.

కొనేముందు ఒక వారం పాటు ఒక చీటీమీద గీతలు పెట్టండి. ఫోన్‌లో పేజీని వేళ్లతో సాగదీసి చదివిన ప్రతిసారీ ఒక గీత, పీడీఎఫ్‌ను ప్రింటు తీసినప్పుడల్లా ఒక గీత, ల్యాప్‌టాప్‌లో చదువుతూ పక్కన నోటుపుస్తకంలో రాసుకోవలసి వచ్చినప్పుడల్లా ఒక గీత. వినోదానికి గీతలు వద్దు. వారం చివర గీతలను వేళ్లమీద లెక్కపెట్టగలిగితే టాబ్లెట్ ఆలోచన మానుకుని ఆ డబ్బు దాచుకోండి. పరీక్షకు చదివేవారికి ఆ గీతలు మూడు నాలుగు రోజులకే చీటీ నింపుతాయని నా అనుభవం; నా సలహా కొనండి అన్న వైపు మొగ్గడానికి కారణం అదే.

కొనేటట్లయితే 11 అంగుళాలకు తగ్గవద్దు. 13 అంగుళాలవి పేజీని దాదాపు 90 శాతం పరిమాణంలో చూపిస్తాయి, చదవడానికి రాజభోగమే, కానీ ఒంటిచేత్తో పట్టుకోలేరు. ఎప్పుడూ బల్లమీదే చదివేవారైతే అవి ఆలోచించండి. పెన్ను తప్పనిసరి, కొందరు దాన్ని టాబ్లెట్‌తోనే ఇస్తారు, కొందరు విడిగా అమ్ముతారు కాబట్టి రెండింటి ధర కలిపి పోల్చండి. స్కాన్ చేసిన పుస్తకాలు ఒక్కొక్కటి వందల మెగాబైట్లుంటాయి కనుక 128 జీబీ నిల్వ ఉంటే నిశ్చింత. సిమ్ ఉన్నది అక్కర్లేదు, ఫోన్ హాట్‌స్పాట్ చాలు; అయితే వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లలో జీపీఎస్ ఉండదు, దారి చూసుకోవడానికి కూడా వాడదలిస్తే ఆ సంగతి తెలిసి ఉండాలి. ప్రాసెసర్ వేగం గురించి ఎవరేం చెప్పినా చదువుకూ రాతకూ మధ్యస్థమైనది చాలు. డబ్బు పెట్టవలసింది అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయన్న దానిమీద. 2014లో వచ్చిన ఐప్యాడ్ ఎయిర్ 2కు 2021 నాటి ఐప్యాడ్‌ఓఎస్ 15 కూడా అందింది. ఆండ్రాయిడ్ తయారీదారుల్లో ఎన్నేళ్లిస్తారో ముందే రాతపూర్వకంగా ప్రకటించేవారిని ఎంచుకోండి, ప్రకటించనివారు ఇవ్వరనే అనుకోండి. ఎవరైనా వాడి అమ్ముతున్నది తీసుకోవడంలో తప్పు లేదు, అప్‌డేట్లు ఇంకా ఎంతకాలం వస్తాయో, బ్యాటరీ ఒక సాయంత్రమంతా నిలుస్తుందో చూసుకుంటే చాలు.

కీబోర్డును ఆర్నెల్ల తర్వాత ఆలోచించవచ్చు. అప్పటికి దాని అవసరం గుర్తుకు కూడా రాదని నా అంచనా. మీ పరీక్ష కంప్యూటర్ మీద జరిగేదైతే మాదిరి పరీక్షలు మాత్రం ల్యాప్‌టాప్ మీదే రాయండి, చిత్తులెక్కలు విడి కాగితంమీదే చేయండి. పరీక్ష గదిలో మీ ఎదుట ఉండేవి అవే.